జనవరి దాకా ఆగిన కామా

మార్చి 3
నా పనేమిటో చెబితే ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాదు. ఇతరులు రాసిన కోడ్‌ను వరసగా సర్దిపెట్టే ఫార్మాటర్ మాది. అన్నయ్యా నేనూ కలిసి మొదలుపెట్టాం. సర్దే పద్ధతి ఏడాదికి ఒక్కసారే, జనవరి రిలీజ్‌లోనే మారాలి. మధ్యలో బగ్ ఫిక్స్‌లు తప్ప ఏమీ కుదరదు. ఆ రూలు అన్నయ్యదే. నా తొందర తెలిసే పెట్టి ఉంటాడు.

మార్చి 9
కోడ్‌లో లిస్టు చివర కామా లేకపోతే నా చెయ్యి ఊరుకోదు. కామా చేర్చే మార్పుకు బగ్ ఫిక్స్ అని పేరు పెట్టి ఈ నెల రిలీజ్‌లో తోసేశాను. గోరంత కామా. ఎవరు చూడొచ్చారు?

మార్చి 10, ఉదయం 11
వదిన చూసింది.

అన్నయ్య తన ఆఫీసులో రాసిన ప్రోగ్రామ్‌ను ఇప్పుడు ఆవిడే చూసుకుంటోంది. దాన్ని సర్దేదీ మా ఫార్మాటరే. చివర కామా పడగానే లిస్టులో ఒక్కొక్కటీ ఒక్కో లైన్‌కు దిగుతుంది. ఆరొందల లైన్ల ఫైల్లో నాలుగొందలు మారిపోతున్నాయట. ఇది బగ్ ఫిక్సేనా బాబూ, అని మెల్లగా అడిగింది. తిట్టినా బాగుండేది.

ప్రతి లైన్ పక్కన దాన్ని ఆఖరుసారి మార్చినవాళ్ల పేరు ఉంటుంది. అక్కడ ఇంకా అన్నయ్య పేరే. అన్నయ్య పోయి ఏడు నెలలు. రోజూ సీట్లో కూర్చోగానే ఆ పేరు చూసుకుని పని మొదలుపెడుతుందట. పిచ్చిదాన్ననుకోకు అంది. ఆ పేరునే నేను తుడిచేయబోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం 2
కామాను వెనక్కి తీసుకున్నాను. రిలీజ్ నోట్‌లో ఉన్నదున్నట్టు రాశాను: అది బగ్ కాదు, నా ముచ్చట.

జూన్ 21
కామా మళ్లీ ఎప్పుడని ఫార్మాటర్ వాడేవాళ్లు ముగ్గురు అడిగారు. జనవరి అన్నాను.

డిసెంబర్ 18
వదిన ఇంటికి వెళ్లాను. జనవరి రిలీజ్‌లో కామా వస్తోందని చెప్పడానికి గంట పట్టింది. ఫార్మాటర్ మార్పులను దాటేసి పాత పేర్లే చూపించే సెట్టింగ్ ఒకటుంది, నేను పెట్టిస్తానన్నాను. అది తనకు ఎప్పటినుంచో తెలుసట. వద్దంది. ఆ జనవరి రూలు పెట్టిన రోజు అన్నయ్య ఇంటికొచ్చి, దేనికైనా అలవాటు పడాలంటే మనిషికి ఏడాదైనా పట్టదూ, అన్నాడట. నాకెప్పుడూ చెప్పలేదు. నేను ఏడ్చాను, ఆవిడ ఏడవలేదు.

జనవరి 8
కామాతో వచ్చిన అప్‌డేట్‌ను ఆ ఫైల్ మీద వదినే నడిపింది. మారిన లైన్లన్నిటి పక్కన ఇప్పుడు ఆవిడ పేరు, మారని రెండొందల పక్కన అన్నయ్య పేరు. ఇద్దరం కలిసి రాసినట్టుంది, అంది.