జట్టులో ఒత్తిడి కొలిచిన తీరు

కుప్పం

పెద్దపంజాణిలో ఉన్న అక్క రమణమ్మకు తమ్ముడు రెడ్డెప్ప దండాలు. నేనిక్కడ క్షేమం. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? టమాటాకు ఈసారైనా ధర ఉందా?

గ్రానైటు ఫ్యాక్టరీలో పని కుదురుకుంది. నలుగురం కలిసి రాతి పలకలు మోసి లారీకి ఎక్కిస్తాం. దుమ్ముకు గొంతు పట్టేస్తుంది గానీ నువ్వు భయపడేంత లేదు. హోటలు తిండి ఒంటికి పడక ఆదివారాలు నేనే సంగటి కెలుక్కుంటున్నాను. వీలైతే కొంచెం ఉలవలు పంపు.

పోయిన నెల మా ఓనరు, జట్లలో పని ఒత్తిడి కొలవమని మదనపల్లె నుంచి ఒకమ్మాయిని పిలిపించాడు. ఆమె మా నలుగురినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, నిద్ర పడుతుందా, ఒళ్లు నొప్పులా, దిగులుగా ఉంటుందా అని అడిగింది. పరాయి మనిషి అడిగితే మనం ఏమంటాం? వరసగా అందరం బాగున్నామనే చెప్పాం. ఒత్తిడి లెక్కలో మా జట్టుకు సున్నా పడింది. ఇంత సులువైన పనికి ముగ్గురు చాలునని ఓనరు మస్తానన్నను నెలాఖరుకు మానుకోమన్నాడు. మస్తానన్నది పుంగనూరు. గదిలో నాతోనే ఉంటాడు. అతను పోతే మిగిలిన ముగ్గురం ఆ రాయి మోయలేం.

నేను ఆ అమ్మాయి దగ్గరికి పోయి, మేం చెప్పింది నిజం కాదన్నాను. అయితే నీకెలా ఉందో చెప్పమంది. అప్పుడూ నా సంగతి దాటేశాను.

“నాకేమీ లేదమ్మా. మస్తానన్నకే. పలక దించినాక చేతులు వణకతాండాయి, టీ గ్లాసు కూడా పట్టుకోలేడు” అన్నాను.

ఆమె మస్తానన్నను పిలిచి నా సంగతి అడిగింది.

“వీడు నిద్రలో ‘పట్టుకో, పట్టుకో’ అని అరస్తాండాడు. పక్కన పండుకునేది నేను కదమ్మా, నాకు తెలీదా?” అన్నాడు.

ఆ మాటతో ఆమె కొలిచే తీరే మార్చింది. అన్ని జట్లలోనూ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, పక్కవాడి గురించి అడిగింది. ఈసారి ఒత్తిడిలో మా జట్టే అందరికంటే పైన. ఆమె ఓనరు ముందే నిలబడి లెక్క చూపించింది. మస్తానన్న పని నిలబడింది. పైగా జట్టులోకి ఇంకో మనిషిని ఇచ్చారు.

“బడిలో ఎప్పుడూ రాని ఫస్టు ఈడ వచ్చిందప్పా” అని మస్తానన్న అందరికీ టీ తాపించాడు. నాకు ఇప్పుడు తెల్లవారేదాకా నిద్ర పడుతోంది.

పెద్దమ్మకు, బావకు నా నమస్కారాలు. పిల్లలను అడిగానని చెప్పు. మీ దీవెనలు నాకుండాలి. జవాబు రాసేటప్పుడు నీ ఒంటి సంగతి బావను రాయమను. బావ సంగతి నువ్వు రాయి.

నీ తమ్ముడు,
రెడ్డెప్ప