పరగడుపున టీ

గురువారం, కర్నూలు లాడ్జి.

మెదడుకు వెళ్ళే నరం మూసుకుపోతోందేమోనని, మా వాసు మెదడుకు రక్తం ఎంత అందుతోందో ఈరోజు పెద్ద ఎంఆర్ఐ మిషన్‌లో మళ్ళీ కొలిచారు. వేసవిలో తీసినప్పటికంటే తగ్గింది. ఎడమవైపు మరీ తక్కువ. వాళ్ళమ్మ సరళను తీసుకుపోయిన స్ట్రోకూ ఎడమవైపే వచ్చింది. డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తాడు.

అప్పుడు స్కాన్ తీసినాయన వాసును అడిగాడు. "పొద్దున టీ గాని తాగితివా అప్పా?"

"ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ దిగి అట్నే వచ్చినా సార్. రెండు మూడు తాగింటా."

"పరగడుపున రమ్మంటిమి గదా!"

"టీ తాగితే పరగడుపు కాదా సార్?"

"బాగుండాదప్పా! మనోళ్ళకు టీ కూడా నీళ్ళ కిందే లెక్క."

నేనూ అలాగే అనుకున్నాను. బస్టాండులో చివరి టీ ఇప్పించింది నేనే. టీ తాగితే మెదడుకు వెళ్ళే రక్తం కాసేపు తగ్గుతుందట. టీ వల్ల ఎంత తగ్గిందో, నరం మూసుకుపోయి ఎంత తగ్గిందో ఈ కొలతతో చెప్పలేమన్నాడు డాక్టరు. రేపు అదే మిషన్‌లో, టీ లేకుండా, మళ్ళీ తీస్తారు. దాన్నిబట్టే ఆపరేషన్.

"టీ లేకుంటే తల నొస్తాది నాయనా" అని విసుక్కుంటూ వాసు పడుకున్నాడు. సాయంత్రం నుంచి నేను తప్పంతా టీ మీదే వేస్తున్నాను. డాక్టరును ఒక్క మాట అడగలేకపోయాను. టీ వల్లే అయితే రెండు వైపులా ఒకేలా తగ్గాలి కదా...