తలల్లేని రొయ్యలు

మంగళవారం రాత్రి, బాపట్ల

రేపల్లె నుంచి బాబాయి తన చెరువులో ఎదగని రొయ్యలను పరీక్షకు తెచ్చాడు. మా ల్యాబ్‌లో డబ్బా తెరిస్తే ఒక్కదానికీ తల లేదు.

"నీకు శ్రమెందుకని మీ పిన్ని ఒలిచి పంపిందమ్మా," అన్నాడు.

రొయ్యను ఎదగనివ్వని పరాన్నజీవి ఉండేదే తలలోని కాలేయంలో. కణంలో దూరి, దాని శక్తినే తిని బతుకుతుంది. రొయ్య చావదు, ఎదగదు. తోకలో వెతికితే దాని డీఎన్‌ఏ ఎక్కడ దొరుకుతుంది? ఇన్నేళ్లుగా చెరువులు చేస్తున్న మనిషికి ఆమాత్రం తెలియదా?

"రేపు చెరువును లీజుకు చూడ్డానికొస్తున్నారు. జబ్బు లేదని కాగితం ఇస్తావుగా?"

పిన్ని అమాయకత్వమేలే అని సర్దుకోబోయాను. వెళ్తూ బాబాయి ఓ సంచి చేతిలో పెట్టాడు. "ఇవి కూరకమ్మా, ఆ చెరువువే."

వాటికి తలలున్నాయి. కూరకిచ్చేటప్పుడు నా శ్రమ గుర్తుకు రాలేదు కాబోలు.

బాబాయి ఫోన్లో చెప్పాడట, కూర రొయ్యలేవని ఇంట్లో అమ్మ అడిగింది. ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉన్నాయని చెప్పలేదు.