తేదీ లేని అన్నయ్య

సెప్టెంబర్ 24

పాకిస్తాన్‌లోని స్కర్దూ నుంచి ఫోటో వచ్చింది. మంచునది కరిగి వెనక్కి జరిగిన చోట, బండల మధ్య ఎర్ర జాకెట్. భుజం మీద కొరియా జెండా, మా డేగు ఊరి కొండలెక్కే క్లబ్బు గుర్తు. లోపల మనిషి ఉన్నాడని అక్కడి ఏజెంట్ రాశాడు. ఆ జాకెట్లు వేసుకుని కారాకోరం కొండలకు వెళ్ళినవాళ్ళలో తిరిగి రానిది అన్నయ్య ఒక్కడే.

వదినకు మార్కెట్లో తన పచ్చళ్ళ కొట్టు దగ్గరే చూపించాను. చేతులకు కారం ఉందని ఫోన్ ముట్టుకోలేదు. నన్నే పట్టుకోమని చాలాసేపు చూసింది. మోచేతి దగ్గర అతుకు తను వేసిందేనంది.

సెప్టెంబర్ 29

తక్ ఇన్హో అన్న వచ్చాడు. ఆ యాత్రలో అన్నయ్యకు జోడీగా వెళ్ళినవాడు. ఇప్పుడు కొండలెక్కే సామాన్ల షాపు నడుపుతున్నాడు. ఈ ఏడు ఇక మంచు పడిపోతుంది, వచ్చే వేసవే అన్నాడు. అక్కడే దహనం చేసి అస్థికలు తేవాలి. ఇంచన్, బ్యాంకాక్, ఇస్లామాబాద్, స్కర్దూ. అక్కడి నుంచి జీపు, తర్వాత నడక. వెళ్ళేది ఆయనా నేనూ. వదిన మోకాళ్ళు ఒప్పుకోవు.

రిటైరైన విలేకరమ్మకు ఇంతకంటే పనేముంది, నడవలేకపోతే అక్కడ గాడిదలు అద్దెకిస్తారట, జోడీ బాగా కుదురుతుంది అని వదిన నన్ను ఆటపట్టించింది. చాలా రోజులకు నవ్వింది.

అక్టోబర్ 11

చాంద్రమానంలో తొమ్మిదో నెల తొమ్మిది. ఎప్పుడు పోయారో తెలియనివాళ్ళకు అన్నం పెట్టే రోజు. వదిన పొద్దున్నే పెట్టింది. తుఫాను మొదలైన సాయంత్రమే రేడియో ఆగిపోయిందని, తర్వాత ఏమైందో తెలియదని తక్ అన్న అప్పట్లో చెప్పాడు. అందుకే ఏటా ఈ రోజు.

దిక్కులేనివాళ్ళ పంక్తిలో కూర్చోబెట్టాను నా మొగుణ్ణి అంది వదిన. ఒళ్ళు దొరికినా తేదీ దొరకదుగా అంది.

తక్ అన్న ఈ రోజున ఎప్పుడూ రాడు. పళ్ళ బుట్ట పంపుతాడు.

నవంబర్ 16

జూలై మధ్యలో రమ్మన్నాడు ఏజెంట్. అంతకుముందు దారి మీద మంచు, ఆ తర్వాత వాగులు. తక్ అన్న కుదరదన్నాడు. జూన్ అయినా సరే, ఆగస్టు అయినా సరే, జూలై మధ్యలో మాత్రం ఇంట్లో ఉండాలట. కొండల్లో బతికిన మనిషి అనే మాట కాదు. కారణం అడిగాను. ఇంటి పని అన్నాడు.

డిసెంబర్ 3

బూట్ల కోసం తక్ అన్న షాపుకు వెళ్ళాను. ఆయన లేడు, భార్య ఉంది. జూలైలో ఇంట్లో ఏం విశేషమని అడిగాను. చాంద్రమానం ఆరో నెల ఇరవై నాలుగున తద్దినం కదా అంది. ఎవరో చిన్నాన్నకట. ఆ చిన్నాన్న వింత మనిషై ఉండాలి, మా ఆయన అన్నమూ చారూ పెట్టనివ్వడు, రామ్యన్ నూడుల్స్ వండి సగం గిన్నె పెడతాడు, మిగతా సగం తనే తినేస్తాడు, పోయినవాళ్ళ దగ్గర కూడా వాటా అడిగే మనిషిని చేసుకున్నాను అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చూస్తే బూట్లు ఒక సైజు పెద్దవి తెచ్చుకున్నాను.

డిసెంబర్ 4

వచ్చే ఏడు ఆ తిథి జూలై 18న పడుతుంది. రేడియో ఆగిందని ఆయన చెప్పిన రోజు ఆరో నెల ఇరవై రెండు. ఆయన తద్దినం పెడుతున్నది ఇరవై నాలుగున.

అది చిన్నాన్నది కాదు, అన్నయ్యదే అయితే? తెలియని రోజుకు ఎవరూ తద్దినం పెట్టరు.

డిసెంబర్ 6

ఈ మనిషిని నమ్ముకునే నేను ఆ మంచు మీద అడుగు వెయ్యాలి.

డిసెంబర్ 14

పల్గొంగ్ కొండ మీద నడక ప్రాక్టీసు. దిగేటప్పుడు అడిగాను. "అన్నా, ఆరో నెల ఇరవై నాలుగు ఎవరిది?"

ఆయన నడుస్తూనే ఉన్నాడు. కొంత దూరం దిగాక రాతి మెట్టు మీద కూర్చున్నాడు.

రేడియో ఆగలేదన్నాడు. అన్నయ్య పై క్యాంపులో కాలు విరిగి పడి ఉన్నాడు, తక్ అన్న కింది క్యాంపులో. రెండు రోజులు మాట్లాడుకున్నారు. మధ్యలో మంచు చరియలు విరుచుకుపడుతున్నాయి. రెండుసార్లు బయల్దేరి వెనక్కి వచ్చాడట. మూడోసారి బయల్దేరలేదట. ఆ ఒక్క మాటా నా వైపు చూడకుండా చెప్పాడు.

చివరగా అన్నయ్య ఏమన్నాడని అడిగాను.

"ఏం వండుతున్నావురా అన్నాడు. రామ్యన్ అన్నాను. సగం నాకుంచు అన్నాడు."

ఉంచాడట. గిన్నెలోనే గడ్డకట్టింది.

దాచింది వదిన కోసమా, నీ కోసమా అన్నాను. రెండూ అన్నాడు.

డిసెంబర్ 15

చెప్పకపోతే వదిన బతికినంత కాలం తప్పు రోజున అన్నం పెడుతుంది. చెబితే తక్ అన్నను గడప తొక్కనివ్వదు. ఆయన లేకుండా ఆ చోటికి నేను చేరలేను.

డిసెంబర్ 21

ఆయన్నే తీసుకెళ్ళి ఆయన చేతే చెప్పించాను. వదిన ముల్లంగి కోస్తూ వింది. కోయడం ఆపలేదు. అంతా అయ్యాక, పొద్దునా సాయంత్రమా అని అడిగింది. సాయంత్రం అన్నాడు.

"ఇన్నేళ్ళూ ఆయనకు సరైన రోజున తిండి పెట్టింది నువ్వొక్కడివే. నా కొట్టుకు దారి తెలియలేదా నీకు?"



నూడుల్స్ ఆయనకు అరగవు, ఆ మాటా తెలియదు నీకు అంది. అప్పుడు కత్తి కింద పెట్టి ఏడ్చింది. తర్వాత వెళ్ళిపొమ్మంది. పళ్ళ బుట్టలు ఇక పంపొద్దంది.

జనవరి 8

వదిన ఫోన్. టికెట్లు తీశావా అంది. ఒక్కదాన్నే ఎలా వెళ్ళను అన్నాను.

"నిన్నెవరు ఒక్కదాన్నే వెళ్ళమన్నారు? జూలై పద్దెనిమిదికి అక్కడ ఉండేలా చూడు. మూడోసారి ఇప్పుడు బయల్దేరమని అతనితో చెప్పు."

క్షమించావా అని అడగబోయాను. ఫోన్ పెట్టేసింది.

జూలై 6

వదిన నా సంచిలో రెండు రామ్యన్ పాకెట్లు పెట్టింది. ఒకటి అన్నయ్యకు. ఒకటి తక్ అన్నకట. సగాలు వద్దంది.