కొంగున మిగిలిన ఒక్క ముడి

అక్కకు, షాద్‌నగర్ నుంచి చెల్లె బాలమ్మ దండం పెట్టి రాసుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎట్లున్నది? కోడలు, పిల్లలు మంచిగున్నారా? ఈనిన గొర్రె, పిల్ల రెండూ బతికాయా? ఇక్కడ మేమందరం బాగున్నాం. నిజంగానే బాగున్నాం, ఫికర్ పెట్టుకోకు. ఫోన్‌లో చెబితే మధ్యలో నువ్వు ఏడుస్తావని రాస్తున్నాను.

కొడుకు వెంట ఇక్కడికి వచ్చినప్పటి నుంచి బస్సు ఎక్కితే నాకు గుండెదడ. అందుకే రెండేళ్లుగా నీ గడప తొక్కలేదు. దవాఖానలో ఒక డాక్టరమ్మ నా దిగుళ్ల గురించి ప్రతి గురువారం నాతో మాట్లాడుతుందని చెప్పాను కదా, ఆమె కాన్పుకు పోయింది. "మూడు నెలలు రాను పెద్దమ్మా. వచ్చినంక అన్నీ చెప్పు" అన్నది. ఆమె లేకపోతే నేనెట్లా అని ఒక దిగులు, ఆమె కాన్పు ఎట్లా అవుతుందో అని ఇంకో దిగులు.

చెప్పాల్సినవి మరిచిపోతానేమోనని, మనం యాదికి వేసుకున్నట్టే, దిగులుకొక ముడి కొంగుకు వేసుకున్నాను. చీర మార్చినప్పుడల్లా మళ్లీ వేసుకునేదాన్ని. మొదటి వారానికే కొంగు పొట్టిదైంది. "అత్తమ్మా, కొంగుల పల్లీలు గిట్ల కట్టుకున్నవా?" అని కోడలు నవ్వింది. గురువారం డాక్టరమ్మ వేళకు అరుగు మీద కూర్చొని ఒక్కొక్క ముడీ పట్టి చూశాను. కొడుకు బండి మీద నుంచి పడతాడనుకున్నాను, పడలేదు. గ్యాసు పేలుతుందనుకున్నాను, పేలలేదు. జరగనివన్నీ విప్పేశాను. వారం వారం అదే పని. చివరికి ఒక్కటే మిగిలింది, బస్సుది.

దాన్ని డాక్టరమ్మ కోసం దాచుకున్నాను. మూడు నెలలు నిండాక కొడుకు నన్ను దవాఖాన దగ్గర దింపి కంపెనీకి పోయాడు. నర్సమ్మ చూసి, "తల్లీబిడ్డ మంచిగనే ఉన్నరు. ఇంకో రెండు నెలలు రాదు పెద్దమ్మా" అన్నది. బయటికి వచ్చి ఆ ముడి పట్టి చూశాను, ఇంకో రెండు నెలలు దీన్ని మోయాలా అనుకున్నాను. తరువాత ఎదురుగా ఆగిన జడ్చర్ల బస్సు ఎక్కాను.

దడ వచ్చింది అక్కా, రాలేదని అబద్ధం చెప్పను. ఆడవాళ్ల ఫ్రీ టికెట్టుకు కండక్టరమ్మ ఆధార్ కార్డు అడిగితే దవాఖాన చీటీ తీసి ఇచ్చాను. "ఏమైంది పెద్దమ్మా, దిగుతవా?" అన్నది. "దిగ బిడ్డా. జడ్చర్ల దాకా దడతోనే వస్త" అన్నాను. సగం దారిలో ఆ దడే అలసిపోయింది. జడ్చర్ల బస్టాండులో కూర్చొని ఆ ముడి విప్పి, చాయ్ తాగి, ఇంకో బస్సులో తిరిగి వచ్చాను, ఒక్కదాన్నే. టికెట్లు చూపిస్తే గాని కొడుకు నమ్మలేదు.

బావకు నా దండాలు చెప్పు. మీ ఇద్దరి దీవెన ఉంటే చాలు. జొన్నరొట్టె, పుంటికూర చేసి పెట్టు. బస్టాండుకు మాత్రం ఎవరినీ పంపకు, ఎదురొస్తే నేను ఒక్కదాన్నే వచ్చినట్టు కాదు. నీ చెల్లె బాలమ్మ దసరా పోయిన మొదటి గురువారం, మధ్యాహ్నం బువ్వ వేళకు, అచ్చంపేటలో దిగి నీ గడపలో ఉంటుంది.