కట్టని రాఖీ

బుధవారం

ఇవాళ ప్రార్థనలో అందరి ముందూ హెడ్మాస్టర్ మాటకు అడ్డుపడ్డాను. అయినా చేసింది తప్పనిపించడం లేదు.

పదో తరగతి పిల్లవాడొకడు రోజూ చెరకు తోటల పక్క కాలువగట్టు మీద నా క్లాసు పిల్ల లావణ్య సైకిల్ వెంట పడుతున్నాడు. మా బడిలో దీనికి ఎప్పుడూ ఒకటే మందు, ఆ పిల్ల చేతే వాడికి రాఖీ కట్టించడం. హెడ్మాస్టర్ సారు బోధన్ నుంచి రాఖీ తెప్పించి, ఇవాళ ప్రార్థనలో వాణ్ణి ముందు నిలబెట్టి, లావణ్య చేతిలో పెట్టాడు.

"నీకు కట్టాలని ఉన్నదా బిడ్డా?" అని అడిగాను.

"లేదు టీచర్. నాకు అన్న ఉన్నడు. గీ పోరడు నా ఎంబడి రాకుంటె సాలు."

వాడు గొణిగాడు. "ఎన్నడు వద్దనలే టీచర్. సప్పుడు జేయకుండ పోతుండె."

"సప్పుడు జేయకుంటె సరే అన్నట్టు కాదురా," అన్నాను.

సారు మండిపడ్డాడు. "పిల్లలకు గిసుంటి ముచ్చట్లు నేర్పుతరా మేడమ్? మెమో ఇస్త!"

ఇవ్వనీ. తొమ్మిదో తరగతిలో నేనూ ఒకడికి కట్టాను. వాడు వెంటపడటం మానలేదు. నేనే చుట్టుదారిన బడికి పోయాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఈ గొడవ విని లావణ్య బాపు ఆమె చదువు మాన్పిస్తాడేమో, అదొక్కటే భయం. రేపు వాళ్లింటికి పోవాలి...

లావణ్య చేతిలోంచి తీసుకున్న రాఖీ నా బ్యాగులోనే ఉంది. మెమో వస్తే జవాబుకు దాన్ని పిన్ను కొట్టి ఇస్తాను. కట్టడం అంత అవసరమైతే సారునే వాడికి కట్టమంటాను.