అమ్మ చెయ్యి వణుకు

తమ్ముడికి అక్క ఆశీస్సులు. అమ్మ, మీ బావ, నేను దేవుడి దయవల్ల బాగున్నాం. ఈ మాట అలవాటు కొద్దీ రాశాను. బాగున్నామో లేదో నాకే తెలియడం లేదు.

ఈ పొద్దుటి సంగతి చెబుతాను. ఎప్పటిలాగే లేచి, మొహం కడుక్కుని, కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. అమ్మ ముందు పాలూ బ్రెడ్డూ పెట్టాను. చెంచా ఎత్తింది. చెయ్యి వణికి పాలు ఒళ్ళో ఒలికాయి. "నా వల్ల కాదే, నువ్వే పెట్టు" అంది. పక్కన కూర్చుని తినిపించాను. నేను నిలబడే నాలుగు గుక్కలు టీ తాగి ఆసుపత్రికి బయలుదేరాను.

"జీతం లేని పనికి అంత వేళకి వెళ్ళడం ఎందుకక్కా?" అని అడిగావు. నా అన్నవాళ్ళు లేని రోగుల వార్డు అది. నర్సు ఒక్కతే. అందరికీ తినిపిస్తూ చివరి మంచం చేరేసరికి జావ చల్లారి గడ్డకట్టేది. మేం కొందరం వెళ్ళడం మొదలుపెట్టాక అందరూ వేడిగా తింటున్నారు. అంతేరా. అంతకన్నా పెద్ద మాట నా దగ్గర లేదు.

చివరి మంచం ఒక దర్జీది. పక్షవాతంతో రెండు చేతులూ పడిపోయాయి. చెంచా ఎత్తేముందు ప్రార్థనకి నేను కళ్ళు మూసుకుంటాను కదా, మళ్ళీ తెరిచాకే ఆయన నోరు తెరుస్తాడు. మొన్న నాకు జ్వరమొస్తే, ఇంకెవరు పెట్టినా తినలేదట. "మీరు సెలవు పెడితే ఈయనకి నిరాహారదీక్షేనమ్మా" అని నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"అమ్మ చెయ్యి అలా ఉంటే ఊళ్ళోవాళ్ళకి తినిపించడమేంటి, మానెయ్" అనీ రాశావు. మానేద్దామనే అనుకున్నాను. కానీ ఈ రోజు సగం దారిలో కళ్ళజోడు మరిచానని వెనక్కి వచ్చాను. తలుపు సందులోంచి చూస్తే, అమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్కసారికే ఎక్కింది. నా స్వెట్టరుకి ఊడిన గుండీ కుడుతోంది. చెయ్యి ఇసుమంతైనా కదల్లేదు. కళ్ళజోడు తీసుకోకుండానే వెళ్ళిపోయాను.

కోపం రాలేదురా. ఏం రావాలో తెలియలేదు. తినగలిగిన మనిషి తినిపించమంటోంది. తినలేని మనిషి నేను పెడితేనే తింటానంటున్నాడు. నీకు చెప్పడానికి వెనకాడిన మాట ఒకటుంది. నేను లేకపోతే వాళ్ళకి గడవదంటే లోపలెక్కడో తియ్యగా ఉంది. వార్డుకి వాళ్ళకోసం వెళ్తున్నానా, ఆ తీపి కోసమా? ప్రార్థనలో అడిగాను.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. సూది సంగతి ఎత్తలేదు. దర్జీ సంగతి చెప్పి, "రేపటినుంచి మానేస్తాను" అన్నాను.

అమ్మ గయ్యిమంది. "మానితే ఆయన గతేంటే? నేను పెడితే తినడా? మీ తమ్ముడి లాంటి మొండిఘటం చేతే నోరు తెరిపించాను!"

"మరి చెయ్యి వణుకో, అత్తయ్యా?" అన్నారు మీ బావ.

"అది పొద్దున పూటే."

"వెళ్ళేది పొద్దున్నేగా!"

అమ్మకి ఆ మాట వినపడలేదు. నా వైపు తిరిగి, "టీ కూడా నిలబడే తాగి పరిగెడతావు. నాకు పెట్టడానికైనా కాసేపు కుర్చీలో కూర్చుంటున్నావు" అంది. అది వణుకుకి జవాబో కాదో నాకు అర్థం కాలేదు. నీకేమైనా అర్థమైతే రాయి.

చివరికి తేలింది ఇది. రేపటినుంచి అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని, ఎవరి చెంచాతో వాళ్ళం తిని, కలిసి వార్డుకి వెళ్తాం. కప్పులు కడగడం మీ బావ వంతు. ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నారు. చివరి మంచం అమ్మది. దర్జీ పక్కన నిలబడి నేను కళ్ళు మూసుకుంటాను, చెంచా మాత్రం అమ్మ ఎత్తుతుంది.

ఇట్లు,
నీ పెద్దక్క